ఎవరి హక్కు, ఎవరి సంతకం
(జహీరాబాద్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

ఎవరి జ్ఞాపకార్థం మనమిక్కడ చేరామో వారి గురించి నాకంటే బాగా ఎరిగినవారు ఇప్పటికే మాట్లాడారు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను. హక్కులు ఎలా సంపాదించుకోవాలో చెప్పే ఉపన్యాసాలకు మనకు కొదవ లేదు. సంపాదించుకున్న హక్కు ఎలా చేజారుతుందన్న దాని మీద మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం. ఎవరో లాక్కుంటే పోయేవి కొన్ని, గడువు దాటి చెల్లకుండా పోయేవి కొన్ని. వీటికంటే ఎక్కువ హక్కులు చడీచప్పుడు లేకుండా, మన సంతకంతో, మనమే ఇష్టపడి ఇచ్చేసినట్టు కాగితం మీద కనబడుతూ పోతాయి. కోర్టుల్లో దీన్ని వేవర్ అంటారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. హక్కు వదులుకున్నట్టు చూపే ఏ కాగితాన్నయినా చదివేటప్పుడు, బదులుగా ఎంత ముట్టిందని అడగడానికి ముందు, ఆ హక్కు ఎవరిది, కింద సంతకం ఎవరిది అని అడగాలి. ఈ ప్రశ్నను సూటిగా అడిగిన కేసు ఒకటి ఈ జహీరాబాద్ ప్రాంతపు వ్యవసాయ కూలీల దగ్గర నుంచే హైకోర్టుకు వెళ్లింది. ఈ ఊళ్లో ఈ విషయాన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

హక్కు వదులుకోవడం దానికదే చెడ్డదేమీ కాదు. అది లేకుండా వ్యాపారం ఒక్క వారం కూడా నడవదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 63వ సెక్షన్ ఉంది. తనకు రావలసిన దాన్ని ఎవరైనా పూర్తిగా గానీ కొంత గానీ వదిలేయవచ్చు, గడువు పొడిగించవచ్చు, దాని బదులు మరొకటి పుచ్చుకోవచ్చు అంటుంది ఆ సెక్షన్. ఇంగ్లండులో అయితే ఇలా వదిలేసినందుకు ఎంతో కొంత ప్రతిఫలం ముట్టి ఉండాలి. లేకపోతే వదిలేసిన బాకీ కోసం మళ్లీ దావా వేయవచ్చు. మన చట్టం ఆ షరతు పెట్టలేదు. లక్ష రావలసిన చోట డెబ్బై వేలు తీసుకుని లెక్క చెల్లిపోయిందని రాసిచ్చిన వర్తకుడు మిగతా ముప్ఫై వేలకు కోర్టు మెట్లెక్కలేడు. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు వదిలేయడం, తండ్రి చనిపోతే పిల్లల పాలసీ మీద ఇక ప్రీమియం కట్టనక్కరలేదని బీమా కంపెనీ రాసివ్వడం, ఆలస్యంగా వచ్చిన సరుకును గొడవ చేయకుండా దించుకోవడం, ఇవన్నీ ఈ కోవలోవే. దుకాణం ఖాళీ చేయమని నోటీసిచ్చిన యజమాని ఆ గడువు ముగిశాక కూడా అద్దె పుచ్చుకుంటే నోటీసును వదులుకున్నట్టేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షన్ చెబుతుంది. ఇలా నోరు విప్పకుండానే హక్కు జారిపోతుందన్న భయంతోనే పెద్ద కంపెనీలు తమ ఒప్పందాల చివర ఒక వాక్యం తప్పకుండా రాయించుకుంటాయి: ఒకసారి ఊరుకున్నంత మాత్రాన మా హక్కు వదులుకున్నట్టు కాదు అని. ఆ వాక్యం రాయించుకోగలిగినవారి గురించి మనం బెంగపడనక్కరలేదు.

చట్టం అడిగే షరతులు నిజానికి కఠినమైనవే. 1978లో మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, తనకు ఫలానా హక్కు ఉందని తెలిసి, తెలిసే దాన్ని విడిచిపెడితేనే వదులుకున్నట్టు. తెలియని హక్కును ఎవరూ వదులుకోలేరు. ఆ సూత్రంలో బయటికి చెప్పకపోయినా ఇమిడి ఉన్న షరతు మరొకటుంది. అది తన హక్కే అయి ఉండాలి. ఈ రెండో షరతు మరీ తేలికగా కనిపిస్తుంది కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు. ఇబ్బందులు మాత్రం అక్కడే పుడతాయి.

ఆడపిల్లల ఆస్తి సంగతే చూడండి. హిందూ వారసత్వ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 1986లో సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి తెచ్చి, కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వాటా ఇచ్చింది. దేశం మొత్తానికి ఆ పని 2005లో జరిగింది. చట్టం వచ్చిన నాటి నుంచి రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో హక్కు విడుదల దస్తావేజులకు గిరాకీ పెరిగింది. పెళ్లప్పుడు పెట్టుపోతలు ముట్టాయి కాబట్టి ఇక నాకు ఏ వాటా వద్దని అక్కచెల్లెళ్లు రాసిచ్చే కాగితాలవి. వాటిలో మనసారా ఇచ్చినవీ ఉంటాయి, కాదనను. కానీ తండ్రి బతికుండగానే, ఆయన సొంతంగా సంపాదించిన ఆస్తిలో రేపు రాబోయే వాటాను కూతురు ఈ రోజే వదిలేస్తానంటే చట్టం మామూలుగా ఒప్పుకోదు. వారసత్వంగా వస్తుందన్న ఆశ ఇంకా ఆస్తి కాదు, దాన్ని బదిలీ చేయలేరని ఆస్తి బదిలీ చట్టం ఆరో సెక్షన్ చెబుతుంది. ముస్లిం భార్యకు భర్త నుంచి రావలసిన మెహర్ విషయంలోనూ అంతే. భర్త శవం ముందు కూర్చున్న భార్య చేత మెహర్ మాఫీ చేశానని అనిపించే ఆచారం ఒకటుంది. అలాంటి దుఃఖంలో ఉన్న మనిషి నోటి మాట ఆమెను కట్టిపడేయదని కలకత్తా హైకోర్టు 1920లోనే తీర్పునిచ్చింది. అంటే, ఇంకా చేతికి రానిదాన్ని వదిలేయడం కుదరదు. మనసు మనసులో లేనప్పుడు వదిలేసినా కుదరదు. పక్కవాడి హక్కును వదిలేయడం మాత్రం అసలు ప్రశ్నే కాదనిపిస్తుంది. ఆ పని ఎవరు చేస్తారు? ప్రభుత్వమే చేసింది, ఇక్కడే చేసింది.

2011లో కేంద్రం జాతీయ తయారీ విధానం ప్రకటించింది. కనీసం 5,000 హెక్టార్లలో పెట్టుబడి, తయారీ మండలాలు నెలకొల్పాలన్నది అందులో ముఖ్యమైన అంశం. వాటిలో ఒకటి ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లోని 17 గ్రామాల్లో, 12,635 ఎకరాల్లో తలపెట్టారు. జనం నోట అది నిమ్జ్. చెరకు, అల్లం, ఆలుగడ్డ, కంది, జొన్న పండే నేలలివి. పట్టా భూములున్నాయి, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములున్నాయి, ఆ రెండింటి మీదా ఆధారపడి కూలికి పోయేవారు, కౌలుకు, పాలుకు చేసేవారు ఉన్నారు. భూసేకరణకు అప్పటికే 2013 చట్టం ఉంది, 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టంలోని పెద్ద మార్పు పరిహారం రేటు కాదని నా అభిప్రాయం. నష్టపోయే కుటుంబం అంటే ఎవరు అన్న నిర్వచనమే అసలు మార్పు. సెంటు భూమి లేకపోయినా, భూమి తీసుకోవడానికి ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో కూలి చేసుకుంటున్నవారు, కౌలుదారులు, పాలుకు చేసేవారు, చేతివృత్తులవారు, తమ ముఖ్య జీవనాధారం దెబ్బతింటే, ఆ నిర్వచనంలోకి వస్తారు. వారికి ఉద్యోగమో, ఒకేసారి 5 లక్షల రూపాయలో, ఇరవై ఏళ్లపాటు నెలకు కనీసం 2,000 రూపాయలో ఎంచుకునే వీలు రెండో షెడ్యూలు ఇచ్చింది. భూమి మీద పట్టా లేకపోయినా బతుకుతెరువు మీద హక్కు ఉంటుందని ఈ దేశంలో ఒక చట్టం సూటిగా ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు.

2015 జులై 30న తెలంగాణ ప్రభుత్వం 123 నంబరు జీవో ఇచ్చింది. భూసేకరణ చట్టం జోలికి పోకుండా, ఇష్టపడి ముందుకొచ్చిన రైతు దగ్గర జిల్లా కమిటీ మాట్లాడుకున్న ధరకు నేరుగా కొనుగోలు చేసే పద్ధతి అది. ఆ ధరలో భూమి విలువతోపాటు జీవనోపాధి నష్టం, పునరావాస ఖర్చు కూడా కలిసి ఉన్నట్టే లెక్క. డబ్బు తీసుకున్న రైతు తన దారి తాను చూసుకోవాలి. ఒక్కసారి ఆలోచించండి, ఇందులో రైతు వదులుకుంటున్నదేమిటి? పట్టా భూమిని అమ్ముకునే హక్కు అతనికుంది. తనకు రావలసిన పునరావాసాన్ని డబ్బు రూపంలో తీసుకుంటానంటే, పూర్తిగా తెలిసే అంటున్నాడని నమ్మితే, అదీ అతని ఇష్టమే. కానీ ఆ పొలంలో కలుపు తీసే మనిషికి అదే చట్టం ఇచ్చిన పునరావాసాన్ని అతను ఎలా వదులుకుంటాడు? ఇల్లు అమ్ముకునేవాడు పక్కింటి వాకిలిని కూడా దస్తావేజులో కలిపి రాసివ్వలేడు కదా. ఈ ప్రాంత కూలీలు హైకోర్టుకు వెళ్లి అడిగింది ఇదే. భూమి అమ్మినవారితో వారికి తగాదా లేదు. అమ్మకం జరిగిందన్న ఒక్క కారణంతో తమ పేరు చట్టంలో నుంచి ఎలా కొట్టేస్తారన్నదే వాదన. 2016 ఆగస్టు 3న హైదరాబాద్ హైకోర్టులో జస్టిస్ సురేశ్ కుమార్ కైత్ ఆ జీవోను కొట్టివేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. వెళుతూనే, ఆ నెలలోనే, భూమి లేని కుటుంబాలకు ప్రయోజనాలు ప్రకటిస్తూ 190, 191 నంబర్ల ఉత్తర్వులు తెచ్చింది. అప్పీలులో ఎన్ని వాదనలు వినిపించినా, ఆ రెండు ఉత్తర్వులే అసలు ఒప్పుకోలు. కూలీలకు వేరే హక్కు లేదనుకుంటే వేరే జీవోల అవసరం రాదు.

తర్వాతి కథ అంత సంతోషకరం కాదు. భూసేకరణ చట్టానికి తెలంగాణ శాసనసభ సవరణ చేసింది. రాష్ట్రపతి ఆమోదంతో 2017లో అది చట్టమై, 2014 జనవరి 1 నుంచే వర్తించింది. ఇష్టపడిన యజమానితో ఒప్పందం చేసుకునే 30ఎ సెక్షన్, పునరావాసం బదులు ఒకేసారి మొత్తం చెల్లించే వీలు అందులో చేరాయి. కోర్టులో నిలబడలేకపోయిన జీవో పద్ధతి శాసనంగా తిరిగొచ్చిందన్నమాట. శాసనసభకు ఆ అధికారం ఉండవచ్చు. అయినా, చట్టం అధికారమిచ్చినంత మాత్రాన పక్కవాడి హక్కు మీద సంతకం చేయడం వదులుకోవడం అవుతుందా అన్న ప్రశ్న అలాగే మిగిలింది. అది తీసుకోవడమే అవుతుంది. తీసుకుంటున్నామని చెప్పి తీసుకుంటే దానికి పద్ధతి ఉంటుంది, జవాబుదారీ ఉంటుంది. ఇచ్చారని చెప్పి తీసుకున్నప్పుడు ఆ రెండూ పోతాయి.

అసైన్డ్ భూముల దగ్గర ఇదే మరో రూపంలో ఉంది. ప్రజావసరానికి కావలసి వస్తే పరిహారం లేకుండా వెనక్కి తీసుకుంటామన్న షరతుతోనే పేదలకు ఆ పట్టాలిచ్చారు. తీసుకున్నవారు షరతుకు ఒప్పుకునే తీసుకున్నారు కదా, ఇప్పుడు పట్టాదారుతో సమానంగా పరిహారం ఎలా అడుగుతారన్నది ప్రభుత్వ వాదన. చేవెళ్ల డివిజన్ భూసేకరణ అధికారి కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం దీన్ని తోసిపుచ్చింది. మార్కెట్ ధరతో సహా సొంతదారుకు ఏమిస్తారో అసైనీకీ అదే ఇవ్వాలంది. పరిహారం వద్దని ముందే రాయించుకునే షరతు రాజ్యాంగానికి విరుద్ధమంది. తిండికి లేనివాడికి ఎకరం ఇస్తూ దానితోపాటు ఒక హక్కును వదిలేయమంటే అతనేమంటాడో అడిగేవాడికి ముందే తెలుసు. జవాబు ముందే తెలిసిన ప్రశ్నకు వచ్చిన సమ్మతి ఎంత విలువైనదో ఆ ధర్మాసనం గమనించింది.

చెరకు పండించే ప్రాంతం కాబట్టి ఉత్తరప్రదేశ్ ఉదాహరణ ఒకటి క్లుప్తంగా చెబుతాను. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఫ్యాక్టరీ 14 రోజుల్లో రైతుకు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. ఉత్తరప్రదేశ్‌లో ఏళ్ల తరబడి పేరుకుపోయిన వడ్డీని 2016లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీలకు మాఫీ చేసింది. ఆ వడ్డీ రైతులది. మాఫీ చేసింది ప్రభుత్వం. మరుసటి ఏడాది అలహాబాద్ హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

ఇక అభ్యంతరాల సంగతి. మొదటిది గట్టిదే. పేదవాడు ఏది వదులుకోవాలో, ఏది ఉంచుకోవాలో నిర్ణయించడానికి మీరెవరు? వయసొచ్చిన మనిషి తన హక్కును తాను అమ్ముకోలేకపోతే ఆ హక్కు సగం హక్కే కదా? ఈ వాదన మన సుప్రీంకోర్టు చరిత్రలో ఒక తెలుగు న్యాయమూర్తికి ఎదురుగా నిలబడింది. బషేషర్‌నాథ్ కేసులో ఒక ఆదాయపన్ను చెల్లింపుదారు పన్నుల దర్యాప్తు కమిషన్‌తో రాజీకి వచ్చి వాయిదాల్లో కట్టడానికి ఒప్పుకున్నాడు. ఆ కమిషన్‌కు కేసులు పంపే విధానం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని తర్వాత తేలింది. రాజీపడి ప్రాథమిక హక్కును వదులుకున్నావు కదా అంది ప్రభుత్వం. 1958 నవంబరులో వచ్చిన తీర్పులో, రాజమహేంద్రవరం నుంచి వచ్చి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి ఆ ఏడాదే సుప్రీంకోర్టుకు వెళ్లిన కోకా సుబ్బారావు, ప్రాథమిక హక్కులు దేన్నీ ఎవరూ వదులుకోలేరన్నారు. మన జనంలో ఎక్కువమంది పేదలు, చదువు అందనివారు, తమ హక్కుల ఎరుక లేనివారు, రాజ్యంతో సమానంగా నిలబడలేరు కాబట్టి వారి హక్కులను వారి నుంచే కాపాడటం కోర్టు బాధ్యత అన్న అర్థంలో రాశారు. సహ న్యాయమూర్తుల్లో ఎస్.కె. దాస్ ఒప్పుకోలేదు. వ్యక్తి మేలుకోసమే ఉన్న హక్కును ఆ వ్యక్తి వదులుకోవచ్చన్నారు.

సుబ్బారావు గారి ముగింపు సరైనదే గానీ, చెప్పిన కారణంలో నాకు కొంత పేచీ ఉంది. తమ నుంచి తమను కాపాడాలనడంలో పేదవాడి అజ్ఞానం మీద భారం పడుతుంది. జహీరాబాద్ కూలీలకు తమ హక్కు బాగా తెలుసు, తెలుసు కాబట్టే కోర్టుకు వెళ్లారు. లోపం తెలివిలో లేదు, బలంలో ఉంది. రాజ్యం ఒకవైపు, మనిషి ఒకవైపు ఉన్నప్పుడు ఒప్పందాన్ని రాసేది, చదివేది, అమలుచేసేది మూడూ రాజ్యమే. అలాంటి చోట సంతకం చేసినవాడు ఏం తెలుసుకున్నాడని కాకుండా, కాదన్నప్పుడు అతనికి ఏం మిగిలేదని అడగాలి. 1985లో ఓల్గా టెలిస్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారికి దగ్గరగా వచ్చింది. పేవ్‌మెంట్ల మీద గుడిసెలు వేసుకోవడానికి మాకు హక్కు లేదని, ఫలానా తేదీ తర్వాత కూల్చివేతకు అడ్డురామని బొంబాయి పేవ్‌మెంట్ వాసులు హైకోర్టులో ఒప్పుకున్న మాటను పట్టుకుని వారిని బయటకు పంపడం కుదరదంది. అయితే ఈ తర్కాన్ని ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి. ఇద్దరు వ్యక్తుల మధ్య, ఒక్కరి ప్రయోజనం కోసమే చట్టం పెట్టిన రక్షణను ఆ ఒక్కరు వదులుకుంటే తప్పు లేదని, ప్రజా ప్రయోజనం ముడిపడి ఉన్న చోట మాత్రం కుదరదని 1971లో లచ్చూ మల్ కేసులో సుప్రీంకోర్టే గీత గీసింది. ఆ గీత నాకు సమ్మతమే.

రెండో అభ్యంతరం వ్యాపారులది. సంతకం చేసిన రసీదును తర్వాత తిరగదోడనిస్తే ఏ ఖాతా కూడా మూతపడదు కదా అంటారు. కాంట్రాక్టర్లకు ఇది బాగా తెలిసిన వ్యవహారం. తుది బిల్లు కావాలంటే ముందు నాకిక ఏ బాకీ లేదని రాసివ్వాలి. రాసివ్వకపోతే బిల్లు కదలదు. ఈ చిక్కును 2008లో నేషనల్ ఇన్సూరెన్స్ వర్సెస్ బొఘారా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు ఓపికగా విప్పింది. డబ్బు అందాక, బేరం కుదిరాక స్వచ్ఛందంగా ఇచ్చిన రసీదు చెల్లుతుంది. డబ్బు పట్టి ఉంచి, ముందే రాసిచ్చిన ఫారం మీద సంతకం పెట్టించుకుంటే ఆ రసీదు వివాదానికి అడ్డురాదు. అలాగని నోటిమాటగా బలవంతం జరిగిందంటే చాలదని, ఆధారం చూపాలని తర్వాతి తీర్పుల్లో చెప్పింది. ఇన్నేళ్లలో ఈ సూత్రం వల్ల కాంట్రాక్టుల రంగం కుప్పకూలలేదు. 1996 ఆర్బిట్రేషన్ చట్టానికి 2015లో వచ్చిన సవరణ ఇంకా ఒక మెట్టు పైకెక్కింది. మధ్యవర్తికి ఒక పక్షంతో ఫలానా రకమైన సంబంధముంటే అతను అనర్హుడు. ఆ అభ్యంతరాన్ని పార్టీలు వదులుకోవచ్చు, కానీ తగాదా పుట్టిన తర్వాత, రాతపూర్వకంగా, స్పష్టంగా వదులుకోవాలి. తగాదా పుట్టకముందు ఏదీ వదులుకోలేరు, ఎందుకంటే దేన్ని వదులుకుంటున్నారో అప్పటికి తెలియదు. కోట్ల రూపాయల కాంట్రాక్టర్లకు మన చట్టం ఇంత జాగ్రత్త తీసుకుంది. ఎకరం రైతుకూ, ఎకరం లేని కూలికీ అదే జాగ్రత్త ఎక్కువ అనలేం.

మూడోది కాలం విలువ. సామాజిక ప్రభావ అంచనా, అభ్యంతరాల విచారణ, అవార్డు, కోర్టు, ఇవన్నీ అయ్యేసరికి ఏళ్లు గడుస్తాయి. చేతిలో పడే డబ్బు ఈ రోజే కావాలనుకునే రైతులున్నారు. ఈ వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. 123 జీవో కింద ముందుకొచ్చి అమ్మినవారందరూ మోసపోయారనడం వారినే చిన్నబుచ్చడం. కానీ ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. విచారణలు ఎగిరిపోయినందువల్ల కొంత, లెక్కలోకి రావలసిన కుటుంబాలు లెక్కలోకి రానందువల్ల మరికొంత. మొదటి రకం వేగానికి రైతు తన హక్కుతో ధర కట్టాడు. రెండో రకానికి కట్టింది కూలి. అయినా కేసులు, అప్పీళ్లు, కొత్త జీవోలు, చట్టసవరణ అన్నీ కలిపి చూస్తే ఆదా అయిన కాలం ఎంతో లెక్క తేల్చడం కష్టమే.

ఇక్కడ రుణమాఫీ ప్రస్తావన తేకుండా ఉండలేను. తెలుగునాట మాఫీ అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. 2008లో కేంద్రం, 2014లో రెండు తెలుగు రాష్ట్రాలు, 2018 ఎన్నికల తర్వాత మళ్లీ తెలంగాణ, 2024 జులై, ఆగస్టుల్లో మూడు విడతల్లో 2 లక్షల వరకు మరోసారి తెలంగాణే. మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ వదిలేస్తాను, దాని మీద అందరూ అరిగిపోయేదాకా మాట్లాడారు. చట్టం దృష్టిలో అది ఏమిటన్నది మాత్రం ఎవరూ అడగరు. అప్పు ఇచ్చిన బ్యాంకు అందులో ఒక్క రూపాయి వదులుకోదు. రైతు బాకీని ప్రభుత్వం తీరుస్తుంది. ఒప్పందాల చట్టంలో వదిలేయడానికి 63వ సెక్షన్ అయితే, మూడో మనిషి బాకీ తీర్చడానికి 41వ సెక్షన్. రెంటికీ పెద్ద తేడా ఉంది. బ్యాంకే వదిలేస్తే ఆ క్షణంలో బాకీ పోతుంది. మూడో మనిషి తీరుస్తానంటే, తీర్చేదాకా బాకీ రైతు మెడ మీదే ఉంటుంది. 2014లో ప్రకటించిన లక్ష రూపాయల మాఫీని తెలంగాణ నాలుగు విడతల్లో ఇచ్చింది. ప్రకటన విన్న రైతు కట్టడం ఆపాడు, డబ్బు విడతలుగా వచ్చింది, మధ్యలో వడ్డీ నడిచింది. వేళకు కడితే పంట రుణం మీద 4 శాతానికి దిగే వడ్డీ రాయితీ కూడా బకాయి పడినవాడికి దక్కదు. ప్రభుత్వం ఇస్తానన్నది వేరు, బ్యాంకు ఖాతాలో ఉన్నది వేరు. ఈ తేడా ముందే రైతుకు చెప్పి ఉంటే ఎంతమంది వాయిదా కట్టి, తర్వాత మాఫీ డబ్బు తీసుకునేవారో. ఇందులోనూ మన మొదటి ప్రశ్న వెంటాడుతుంది. మాఫీ అందేది ఎవరి పేరున అప్పు ఉందో వారికి. కౌలు రైతు అప్పు చాలావరకు వడ్డీ వ్యాపారి దగ్గర ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం తెచ్చినా, పట్టాదారు పాసుపుస్తకం ముందు ఆ కార్డు నిలవలేకపోయింది. పొలం అమ్మినప్పుడు పేరు లేని మనిషే అప్పు మాఫీ అయినప్పుడూ పేరు లేకుండా పోయాడు.

న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. కంపెనీల బాకీలను బ్యాంకులు పుస్తకాల్లో రైటాఫ్ చేసినప్పుడల్లా పెద్దలకు లక్షల కోట్ల మాఫీ అని పత్రికల్లో వస్తుంది. రైటాఫ్ మాఫీ కాదు. బాకీదారు విడుదల కాడు, వసూలు హక్కు అలాగే ఉంటుంది. నిజంగా బాకీ తగ్గేది 2016 నాటి దివాలా చట్టం కింద. అక్కడ రుణదాతల కమిటీలో 66 శాతం ఓట్లు వస్తే మిగిలినవారి బాకీ కూడా తగ్గిపోతుంది. అంటే ఒకరి హక్కును ఇంకొకరు వదిలేసే పని చట్టబద్ధంగానే జరుగుతోంది. కానీ చూడండి, ఒప్పుకోని బ్యాంకుకు, కంపెనీని ముక్కలుగా అమ్మితే ఎంత వచ్చేదో కనీసం అంత ఇచ్చి తీరాలని అదే చట్టం షరతు పెట్టింది. ఒప్పుకోని బ్యాంకుకు ఉన్న ఈ కనీస హామీ ఒప్పుకోమని ఎవరూ అడగని కూలికి లేదు. ప్రైవేటు కంపెనీల కోసం భూమి సేకరించేటప్పుడు 80 శాతం కుటుంబాల సమ్మతి కావాలంటుంది 2013 చట్టం. ప్రభుత్వం తన కోసం తీసుకుంటే ఆ శాతం కూడా అక్కరలేదు.

ఇదంతా జహీరాబాద్‌కు పాత కథ కాదు. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో మన జహీరాబాద్ ఒకటి. మొదటి దశలో 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయల అంచనా. మొదటి ఫ్యాక్టరీలకు పునాదులు పడ్డాయి, ఇంకా రావలసినవి ఉన్నాయి, ఇంకా తీసుకోవలసిన భూమీ ఉంది. రాబోయే ఒప్పందాల్లో నేను అడిగేది పెద్దదేమీ కాదు. భూమి ధర ఒక కాగితంలో, పునరావాసం మరో కాగితంలో ఉండాలి, రెండూ ఒకే సంతకంలో కలిసిపోకూడదు. ఏ హక్కుకు బదులుగా ఎంత ఇస్తున్నారో విడివిడిగా రాయాలి. తెలుగు, కన్నడం, ఉర్దూ, లంబాడీ మాట్లాడే ఊళ్లివి కాబట్టి ఏ భాషలో వినిపించారో కూడా అందులోనే రాయాలి. సంతకం చేసినవారికి వెనక్కి తీసుకునే గడువు కొన్నాళ్లుండాలి. ఏ యజమానితోనూ ఒప్పందం రాసుకోకముందే భూమి లేని కుటుంబాల జాబితా గ్రామసభలో చదివి, పంచాయతీ గోడ మీద అంటించాలి. జాబితా తర్వాత చేస్తామంటే కుదరదు. పొలం చేతులు మారాక మూడేళ్లుగా అక్కడ ఎవరు పనిచేశారో చెప్పడానికి ఆ రైతు కూడా ఊళ్లో ఉండకపోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు మిగిలింది, దాన్ని దాచను. మూడేళ్లుగా ఇక్కడే పనిచేశానని కూలి ఏ కాగితంతో రుజువు చేస్తాడు? రేషన్ కార్డు ఊళ్లో ఉంటున్నట్టు చూపుతుంది, పని చేస్తున్నట్టు చూపదు. ఉపాధి హామీ జాబ్ కార్డు, మస్టర్ రోల్ ప్రభుత్వ పనిని చూపుతాయి, రైతు పొలంలో చేసిన పనిని చూపవు. కూలి డబ్బు చేతికి ఇస్తారు, రసీదు ఉండదు. అందుకే రుజువు భారం కూలి మీద కాకుండా అధికారి మీద ఉండాలని నా వాదన. ఉపాధి హామీ కార్డు ఉన్న ప్రతి భూమిలేని కుటుంబాన్నీ జాబితాలో చేర్చి, చేర్చకూడదని ఎవరైనా అంటే వారు కారణం చూపాలి. దీనివల్ల అర్హత లేనివారు కొందరు జాబితాలోకి రావచ్చు. ఆ ఖర్చు ఎంతయినా, 12,635 ఎకరాల పథకంలో ఒక పద్దుకు మించదు. అటువైపు తప్పిపోయే కుటుంబానికి మాత్రం అప్పీలు చేసుకోవడానికి తన పేరున్న ఒక్క కాగితం కూడా ఉండదు.